ఫోటో దిగుట

ప్రతి సంవత్సరమును వార్షిక పరీక్షలకు ముందు పదవ తరగతి విద్యార్థులు ఉపాధ్యాయులతో కూడి సమూహ చిత్రము తీయించుకొనుట మన పాఠశాలలో ఆచారము. ఆ దినమున బజారునుండి ఫోటోగ్రాఫరు మూడుకాళ్ల స్టాండుతో వచ్చును. తరగతి గదులలోని బెంచీలు ఆవరణములోనికి వచ్చును. అంతవరకు చెట్టు నీడను గుంపులు కట్టి కేరుచు నవ్వుచున్న పిల్లలు బెంచీ ఎక్కినంతనే కొయ్యబొమ్మలవలె బిగుసుకొందురు. ఒకని భుజములు చెవులదాక లేచును. ఒకడు ఊపిరి బిగబట్టును. ఒకతె చున్నీ కొనను వ్రేళ్లకు చుట్టుకొనుచునే యుండును. నవ్వుడని ఫోటోగ్రాఫరు కేక వేయగా నవ్వు రాదు. పండ్లు మాత్రము బయలుపడును.

గడచిన సంవత్సరము ఆ వరుసలో ఒక బాలిక లేదు. ఆమె నీళ్ల కుళాయి వెనుక నిలిచి రానని పట్టుపట్టెను. కారణమడుగగా, "నాకద్దు సార్, నేను నల్లగ పడ్త" అని తల వంచుకొనెను. మేము ఆమెను బలవంతపెట్టలేదు. అట్లని నాలుగు మాటలు చెప్పనులేదు. ఎండ ముదురుచున్నదని ఫోటోగ్రాఫరు తొందరపెట్టగా ఊరకుంటిమి. ఆ చిత్రము నేడు ఆఫీసు గదిలో గోడకు వ్రేలాడుచున్నది. దానిని చూచినపుడెల్ల అందులో లేని ముఖమే మాకు ముందుగా జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆనాడు చెప్పక విడిచిన మాటలను ఈ వ్యాసమున చెప్పదలచితిమి.

మన తెలుగులో ఒకరు ఫోటో తీయుదురు, మరియొకరు ఫోటో దిగుదురు. తీయుట యెట్లు ఒక పనియో, దిగుటయు అట్లే ఒక పని. ఆ పనికి కర్త దిగువాడే. 2022 ఏప్రిల్ 13 మొదలు 24 వరకు జరిగిన ప్రాణహిత పుష్కరములలో మన సిరొంచ యొద్ద జనులు నదిలో దిగుట మీలో అనేకులు చూచియుందురు. తెలియని రేవులో ఎవరును పరుగెత్తి దిగరు. మెట్టు చూచుకొందురు, కాలితో నీటిని తాకుదురు, లోతెంతయని అడుగుదురు, చేయి పట్టుకొనువారు కలరా యని వెనుకకు చూతురు, పిదప దిగుదురు. కెమెరా ముందు దిగుటయు అట్టిదే. లోతు తెలియనిచోట వెనుకాడుట పిరికితనము కాదు. లోతు తెలియవలెను, చేయి పట్టువారుండవలెను. ఈ రెండును కుదిరినచో బెదురు తనంతట తగ్గును.

మొదట లోతు సంగతి చూతము. ఫోటో దిగునపుడు బిగుసుకొనుట మనలోని లోపమని మనము తలంతుము గాని, దానికి ఒక చరిత్ర కలదు. 1839 లో ఫ్రాన్సు దేశమున డాగేర్ అనునతని ఛాయాచిత్ర విధానము లోకమునకు వెల్లడియైనపుడు, పలక మీద బొమ్మ పడుటకు నిమిషముల కాలము పట్టెడిది. అంతసేపు తల కదలినచో ముఖము చెరగిపోవును. అందుచేత కుర్చీ వెనుక ఇనుప కమ్మి నిలిపి, దాని కొననున్న పట్టులో తల వెనుక భాగము ఆనించి కూర్చుండబెట్టెడివారు. అంతసేపు నవ్వు నిలుపుట ఎవరికిని సాధ్యము కాదు. 1851 లో ఆర్చర్ అను ఆంగ్లేయుడు తడి పలకల విధానమును ప్రకటింపగా ఆ కాలము సెకనులకు దిగెను. 1871 లో మాడక్స్ అను వైద్యుడు సూచించిన జెలటిన్ పొడి పలకలు తరువాత వృద్ధిపొంది సెకనులో కొద్ది భాగమే చాలునట్లు చేసినవి. ఇనుప కమ్మి పోయెను గాని, దాని వలన వచ్చిన బిగువు మాత్రము ఆచారమై నిలిచెను. మన తాతలనాటి చిత్రములలో కుర్చీ అంచున నిటారుగా కూర్చుండి, మోకాళ్లమీద చేతులుంచి, రెప్ప వేయక చూచువారిని మీరు చూచియుందురు. నేటి కెమెరాకు పగటి వెలుగులో సెకనులో నూరవ వంతు చాలును. ఐనను మనము ఇంకను ఆ కమ్మికి తల ఆనించియే దిగుచున్నాము.

ఇక చేయి పట్టువారి సంగతి. ఈ విషయమున మనకు సమీపమున జరిగిన ఒక మంచి ఉదాహరణము కలదు. రాజా దీన్‌దయాళ్ 1844 లో మీరట్ సమీపమున సర్ధనాలో జన్మించెను. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, పిదప ఛాయాగ్రహణమున ప్రసిద్ధి వడసి, హైదరాబాదు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యెను. ఆ కాలమున హైదరాబాదు కుటుంబములలో అనేకులు స్త్రీలు పరదా పాటించెడివారు. పరపురుషుని యెదుట ముఖము చూపుట వారికి సమ్మతము కాదు. ఇట్టివారు ఫోటో దిగుట ఎట్లు? 1892 లో దీన్‌దయాళ్ హైదరాబాదులో స్త్రీల కొరకు ప్రత్యేకముగా జనానా స్టూడియో తెరచెను. దాని చుట్టును ఎత్తైన గోడలు కట్టించెను. లోపల పని స్త్రీలదే. కెన్నీ-లెవిక్ అను ఆంగ్ల స్త్రీ దానిని నిర్వహించెను.

ఇందు గమనింపవలసినది ఒకటి కలదు. సిగ్గు విడువుడనిగాని, ధైర్యము తెచ్చుకొనుడనిగాని ఆ స్త్రీలకు ఎవరును ఉపదేశము చేయలేదు. వారి బెదురునకు కారణమేమో కనుగొని, ఆ కారణమును తొలగించిరి. గోడ ఎత్తు చేసిరి. మగవారిని వెలుపల నిలిపిరి. కెమెరా వెనుక స్త్రీని నిలిపిరి. దిగువారి మనస్సు కుదుటపడుట దిగువారి ధైర్యముమీదనే ఆధారపడదు. తీయువారి ఏర్పాటుమీదను ఆధారపడును. 1905 లో దీన్‌దయాళ్ గతించెను. 2006 లో భారత తపాలా శాఖ ఆయన పేర ఒక బిళ్లను వెలువరించెను.

ఆ శతాబ్దిలోనే దీనికి విరుద్ధమైన పనియు జరిగెను. 1868 మొదలు 1875 వరకు ఆంగ్ల ప్రభుత్వపు ఆదరణమున 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అను గ్రంథము ఎనిమిది సంపుటములుగా వెలువడెను. అందు 468 ఛాయాచిత్రములు కలవు. మన దేశపు జాతులను, కులములను, తెగలను పాలకులు గుర్తెరుగుటకై కూర్చిన గ్రంథమది. చాల చిత్రముల క్రింద మనుష్యుని పేరుకు బదులు తెగ పేరే యుండును. కొన్నిటికి చేర్చిన వర్ణనలు అవమానకరముగా నుండును. జనానా స్టూడియోలో ముఖము దిగువారిది. ఈ గ్రంథములో ముఖము చూచువారి సొత్తు. కెమెరా ఒకటియే గాని, మర్యాద వేరు.

మరియొక ఉదాహరణము మనకు ఇంకను దగ్గరిది. 1940 లో కుమురం భీము మరణించిన పిదప, నిజాము ప్రభుత్వము ఆదిలాబాదు గోండుల స్థితిగతులను పరిశీలించుటకు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు పండితుని నియమించెను. ఆయన భార్య బెట్టీతో కూడ మార్లవాయి గ్రామమున నివసించి, గోండీ భాష నేర్చి, వారి పండుగలను, పనిపాటులను అనేక చిత్రములలో నిలిపెను. మార్లవాయి నేడు ప్రాణహితకు ఆవలనున్న కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోనిది. ఆ దంపతులను ఆ గ్రామస్థులు నేటికిని తమవారుగా తలచుకొందురు. ముందు ఊరిలో కాపురముండి, మాట నేర్చి, పిదప కెమెరా ఎత్తువానియెదుట మనుష్యులు బిగుసుకొనుటకు కారణము తక్కువ యని మా యభిప్రాయము.

ఈ మాట మనకెందుకు? అహేరి, భామ్రాగఢ్ సంతలకు వెలుపలినుండి వచ్చువారు మాడియా స్త్రీలను చూచి, నగలు బాగున్నవని, అడుగకయే ఫోటో తీసికొని పోవుట కద్దు. మీ చేతిలో ఫోను ఉన్నపుడు మీరును ఆ పని చేయవచ్చును. నిద్రించుచున్న తోటివానిని, ఏడ్చుచున్న చెల్లెలిని, తడిసిన బట్టలతో నదినుండి వచ్చువారిని తీసి పదిమందికి పంపువాడు, వారు ఇక ఏ కెమెరా యెదుటను కుదురుగా నిలువలేనట్లు చేయుచున్నాడు. అడిగి తీయవలెను, తీసినది చూపవలెను, వద్దన్నచో తుడిచివేయవలెను.

ఐనను ఫోటోను బొత్తిగా తప్పించుకొని తిరుగుట నేటి కాలమున కుదరదు. మన దేశమున ఓటర్లకు ఫోటో గుర్తింపు కార్డులు 1993 లో ప్రారంభమైనవి. మొదటి ఆధార్ సంఖ్యను 2010 సెప్టెంబరు 29 న మన రాష్ట్రమందలి నందుర్బార్ జిల్లా టెంభ్లీ అను ఆదివాసి గ్రామముననే ఇచ్చిరి. పరీక్షకు, విద్యార్థి వేతనమునకు, కళాశాల ప్రవేశమునకు మనకంటె ముందు మన ఫోటో పోవును. తల వంచి దిగిన చిత్రము తల వంచిన మనిషినే సంవత్సరములకొలది చూపుచుండును.

ఇప్పుడు ఆ బాలిక చెప్పిన మాటకు వత్తము. "నల్లగ పడ్త" అను భయము ఆమె యొక్కతెదే కాదు. కెమెరా తన యెదుటనున్న దృశ్యమంతయు కలిపి, దానిని నడిమితరపు వెలుగుగా లెక్కించును. వెనుక తెల్లని గోడ యున్నచో వెలుగు ఎక్కువైనదని భ్రమపడి దానిని తగ్గించును. అప్పుడు గోడ బూడిదరంగు తిరుగును, చామనచాయ ముఖము ఉన్నదానికంటె నల్లబడును. నేటి ఫోనులు ముఖమును గుర్తించి కొంత సరిచేయుచున్నవి గాని, అన్నివేళల కాదు. ముఖముమీద వేరుగా వెలుగు పడునట్లు చేసి, ముఖమునుబట్టి వెలుగును కొలుచుట ఫోటోగ్రాఫరు పని. అట్లు చేయనపుడు తప్పు లెక్కది, ముఖముది కాదు.

ఈ పొరపాటు ప్రపంచమంతట జరిగినదే. 20వ శతాబ్ది మధ్యభాగమునుండి కోడక్ కంపెనీ రంగుల ఫోటోలు కడుగు ప్రయోగశాలలకు సరిచూచుకొను కార్డులను పంపెడిది. వానికి 'షర్లీ కార్డులు' అని పేరు. వానిమీద చాలకాలము తెల్లజాతి స్త్రీ చిత్రమే యుండెను. ఆమె చర్మము సరిగా వచ్చినచో రంగు సరిపోయినట్లు. నల్లని చర్మము ఎట్లు వచ్చునో సరిచూచుటకు ఆ కార్డులో ఆధారమే లేదు. పలు జాతులవారిని చేర్చిన కార్డులు 1990 దశకమునగాని ప్రచారమునకు రాలేదు. కనుక మన రంగు ఫోటోకు పనికిరానిది కాదు. కొలబద్ద మనకొరకు చేసినది కాదు. ముఖమును సున్నము కొట్టినట్లు తెలుపు చేసియిచ్చు స్టూడియోలు ఆ తప్పును దిద్దుటలేదు. రెండవ తప్పు చేయుచున్నవి.

మరికొందరు "ఫోటోలో నేను నావలె లేను" అందురు. దానికిని కారణము కలదు. మనము దినదినము అద్దములో చూచు ముఖము, లోకము చూచు ముఖము ఒకటి కావు. ఎడమవైపు పాపిట అద్దములో మనకు ఎడమననే కనబడును. ఫోటోలో కుడివైపున కనబడును. 1977 లో అమెరికాలో ముగ్గురు మనశ్శాస్త్రజ్ఞులు కొందరు స్త్రీలకు వారి ఫోటోను, దాని అద్దపు ప్రతిని చూపగా, ఎక్కువమంది తమకు అద్దపు ప్రతి నచ్చినదనిరి. వారి స్నేహితులకు ఎక్కువగా అసలు ఫోటో నచ్చెను. అలవాటైన ముఖమే ఎవరికైనను ఇంపుగా నుండును. మీ ఫోటో మీకు వింతగా తోచిననాడు మీ స్నేహితురాలి నడుగుడు. ఆమెకు అందు వింత కనబడదు. ఇక చేయి చాచి దగ్గరగా తీసికొను ఫోటోలలో ముక్కు పెద్దదగుట దూరము చాలకపోవుటవలన. అడుగు దూరమున తీసినపుడు, ఐదడుగుల దూరమున తీసినదానికంటె ముక్కు వెడల్పు సుమారు 30 శాతము ఎక్కువగా కనబడునని 2018 లో అమెరికా వైద్యులు కొందరు లెక్కగట్టిరి. ఫోటోగ్రాఫరు దూరముగా నిలుచుట ఇందుకే.

ఇక దిగు విధానము. స్టూడియోకు పోవునపుడు అలవాటైన బట్టలు ధరింపుడు; ఆనాడే విప్పిన కొత్త చొక్కా మెడను గుచ్చును, ఆ బాధ ముఖమున తెలియును. నుదుటి మీదికి జారిన నూనెను తుడుచుకొనుడు. అచ్చట వెలుగు మెరసి తెల్లని మచ్చ పడును. నిలుచునపుడు బరువు ఒక కాలిమీద కొంచెము ఎక్కువగా మోపుడు. భుజములను ఒకమారు చెవులదాక ఎత్తి వదలిపెట్టుడు. అవి ఉండవలసినచోట అవియే నిలుచును. ఊపిరి బిగబట్టవలదు, మెల్లగా విడుచుచుండగా దిగుడు. గడ్డము పైకెత్తినచో గర్వముగాను, దించినచో నేరము చేసినట్లును కనబడును. ముఖమును కొంచెము ముందుకు తెచ్చి సమముగా నిలుపుడు. చేతులకు పని లేకుంటే అవి దిక్కుతోచక తిరుగును. వానికి ఒక పుస్తకమో, కుర్చీ వీపో అప్పగింపుడు. కళ్లద్దములున్నవారు తల కొంచెము వంచినచో అద్దములలో వెలుగు మెరయదు.

నవ్వు విషయమున 1862 లో డ్యుషెన్ అను ఫ్రెంచి వైద్యుడు ఒక సంగతి చెప్పెను. పెదవులను మన యిష్టముచే కదల్పవచ్చును గాని, నిండు నవ్వులో కన్నుల చుట్టునున్న కండరము సంతోషము కలిగినపుడే కదలును. కావున ఆజ్ఞాపించి నవ్వింపలేము. దరఖాస్తుల ఫోటోకు నవ్వవలసిన పనియే లేదు. పెదవులు మూసి, ప్రశాంతముగా కెమెరా కంటిలోనికి చూచిన చాలును. ఇతర సమయములలో మీకు ఇష్టమైనవారిని కెమెరా ప్రక్కన నిలుపుకొనుడు. మొదటి రెండు మూడు ఫోటోలు పాడైనను చింత వలదు; నీటిలో కాలు పెట్టి చూచుటవంటివి అవి.

ఆ బాలిక సంగతి చెప్పి ముగింతుము. పరీక్ష ఫలితములు వచ్చిన పిదప కళాశాల దరఖాస్తుకు ఫోటో కావలసివచ్చి, ఆమె తన అవ్వతో కూడ ఒక స్టూడియోకు పోయెనట. ఆ ఫోటోగ్రాఫరు ఆమెను గోడకు దూరముగా జరిపి, తలుపునుండి వచ్చు వెలుగు ముఖముమీద పడునట్లు కూర్చుండబెట్టి, అవ్వను కెమెరా వెనుక నిలిపెను. తీసినది చూపి, తెలుపు చేయమందువా యని అడిగెను. ఆమె వద్దనెను. మార్కుల పత్రమునకై పాఠశాలకు వచ్చినపుడు మాకు ఆ ఫోటో చూపి, "నా లెక్కనే పడ్డ సార్" అనెను. నిజమే, ఆమెవలెనే ఉండెను. ఆనాడు మేము ఆమెను మరి నాలుగు నిమిషములు ఆగి కారణమడిగియుండిన, ఆఫీసు గదిలోని చిత్రమున ఆ ముఖమును ఉండెడిది.

అందుచేత ఈ సంవత్సరము సమూహ చిత్రమునకు కొన్ని ఏర్పాట్లు చేయదలచితిమి. ఎండ నెత్తిమీదికి రాకముందే, ఉదయముననే, వరండా నీడలో తీయింతుము. వెనుక తెల్లగోడ ఉండదు. ముందుగా ఒకటి రెండు తీసి అందరికిని చూపింతుము. నచ్చనివారు స్థానము మార్చుకొనవచ్చును. అందరును కన్నులు మూసికొని, మూడు లెక్కపెట్టగానే తెరచినచో రెప్ప పడదు. రానని అనువారిని పదిమంది యెదుట అడుగము; విడిగా కారణము విందుము, తొలగింపదగినదైనచో తొలగింతుము. అప్పటికిని వలదన్నచో అది వారి యిష్టము. విద్యార్థులారా! బెంచీ మీద మీ స్థానము మీకొరకు ఉండును. లోతు చూచుకొని, నెమ్మదిగా దిగుడు.